వాయువును ఆకాశమును

ఈశ్వరుడు గాలివలె సర్వవ్యాపి యని ఉపన్యాసవేదికలమీద తరచుగా వినుచుందుము. వినువారి మనస్సున కెక్కెడు ఉపమానమే. అయినను కొలతకు నిలుచునది కాదు. గాలి సర్వత్ర లేదు. అది భూమి నంటుకొనియున్న పలుచని పొర. దానికి బరువు గలదు, కూర్పు గలదు, హద్దు గలదు. ఆ హద్దునకు ఆవల నున్నది ఆకాశము. ఈ రెంటిని ఒకటిగా తలచుటవలన ఉపమానమునకు వచ్చు లోపము స్వల్పమే. కాని గాలిని ద్రవ్యముగా నెరుగకపోవుటవలన పాతరలలోను పాడుబావులలోను మనుష్యులకు కలుగు ముప్పు స్వల్పము గాదు. మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతముల సోదరులకు ఈ వ్యాసమును వినిపింప దలచుట అందుచేతనే.

మన పూర్వులు వీనిని వేరుగానే యెంచిరి. ఆత్మనుండి ఆకాశమును, ఆకాశమునుండి వాయువును కలిగెనని తైత్తిరీయోపనిషత్తు క్రమము చెప్పుచున్నది. పంచభూతలింగములలో వాయువునకు శ్రీకాళహస్తిని, ఆకాశమునకు చిదంబరమును నిర్ణయించిరి. కాళహస్తిలో గర్భాలయమందలి దీపము చలించుటను వాయువునకు గురుతుగా చూపుదురు. చిదంబరమున తెర తీసినచో కనబడునది విగ్రహము కాదు. బంగారు బిల్వపత్రముల హారములు వ్రేలాడు శూన్యస్థలము. విగ్రహారాధనము నంగీకరింపని మేమును, ఆ తెర వెనుక నుంచిన యాలోచనను మెచ్చుకొనకుండ నుండలేము.

అయితే పూర్వులు చెప్పినదంతయు నిలుచునా? ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున వాయువు రూపములేనిదనియు స్పర్శగలదనియు లక్షణము చెప్పెను. అది నేటికిని చెల్లును. ఆకాశమునకు శబ్దము గుణమని చెప్పెను. నేటి మన యాకాశమునకు, అనగా అంతరిక్షమునకు, అది చెల్లదు. గాలి తీసివేసిన గాజుపాత్రలో శబ్దము క్షీణించుటను రాబర్టు బాయిల్ 1660లో ప్రకటించిన ప్రయోగములలో చూపెను. శబ్దము గాలిలో క్షణమునకు సుమారు 340 మీటర్లు నడచును. గాలి లేనిచోట దానికి నడకయే లేదు. అంతరిక్షనౌక వెలుపలికి వచ్చినవా రిరువురు ప్రక్కప్రక్కన నున్నను రేడియోతోగాని మాటలాడుకొనజాలరు. శబ్దము వాయువు సొత్తు. వెలుగు మాత్రము ఏ వాహనమును కోరక శూన్యమును దాటి వచ్చును. లేకున్న సూర్యుడు మనకు కనబడడు గదా.

ఇక గాలి బరువు మాట. సముద్రమట్టమున ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగును. పొడవును వెడల్పును నాలుగేసి మీటర్లును, ఎత్తు మూడు మీటర్లును గల గదిలో 55 కిలోగ్రాములకు తక్కువకాని గాలి యుండును. ఒక మనుష్యుని బరువు గల పదార్థము గదిలో నుండగా మనము దానిని ఖాళీగది యందుము! మన శరీరమున ప్రతి చదరపు సెంటీమీటరు మీదను ఇంచుమించు ఒక కిలోగ్రాము బరువు మోపియున్నది. లోపలినుండియు అంతే ఒత్తిడి యెదురు నిలుచుటచేత మనకు తెలియదు. పొడి గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు, ఒక పాలుకు కొంచెము తక్కువగా ఆర్గాన్ ఉండును. బొగ్గుపులుసు గాలి పదివేలకు నాలుగు పాళ్లకు కొంచెము మించియుండును. ఈ చిన్న పాలు సంగతియే ముందు రానున్నది.

పైకి పోయినకొలది గాలి పలుచనగును. 1648లో ఫ్రాన్సుదేశమున పాదరసపు గొట్టమును పర్వతముపైకి మోసికొనిపోయి, ఎత్తు పెరిగినకొలది పాదరసము దిగుటను చూచిరి. అయిదున్నర కిలోమీటర్ల లోపలనే వాయుమండలపు బరువులో సగము ముగియును. అది ఒక పల్లెనుండి మరియొక పల్లెకు నడచిపోవు దూరము! ముప్పది కిలోమీటర్లు దాటినపిమ్మట నూటికి ఒక పాలు మాత్రము మిగులును. నూరు కిలోమీటర్ల యెత్తును అంతరిక్షమునకు పొలిమేరగా వాడుకలో నెంచుచున్నారు. అక్కడ గోడ యేమియు లేదు. మైదుకూరునుండి శ్రీహరికోటకు నేరుగా కొలిచిన సుమారు 200 కిలోమీటర్లు. అందులో సగము దూరము నిట్టనిలువుగా పోయినచో ఆ పొలిమేర చేరుదుము. 1980 జూలై 18వ తేదీని ఆ శ్రీహరికోటనుండియే మన దేశపు రాకెట్టు రోహిణి యుపగ్రహమును మోసికొని దీనిని దాటిపోయినది.

దాటినవారికి పగలే నల్లని యాకాశము కనబడును. నీలాకాశ మనుచున్నాము గాని ఆ నీలము సూర్యకాంతిని చెదరగొట్టెడు గాలిది, ఆకాశముది కాదు. ఆకాశమైనను కేవల శూన్యము కాదు. చిటికెనవ్రేలి కొనయంత స్థలమున ఇచ్చట గాలియణువులు రెండున్నర లక్షల కోట్ల కోట్లుండగా, గ్రహముల నడుమ ఏ నాలుగైదు కణములో తిరుగుచుండును.

1984 ఏప్రిలులో రాకేశ్ శర్మ సాల్యూట్-7 కేంద్రమునకు పోయి యెనిమిది దినములకు కొంచెము తక్కువగా అంతరిక్షమున నుండెను. అతడు పీల్చినది భూమినుండి సిద్ధపరచిన యేర్పాటులవలన కలిగిన గాలి. ప్రాణవాయువును సమకూర్చుటకును, విడిచిన బొగ్గుపులుసు గాలిని తొలగించుటకును యంత్రములుండెను. వానిని కనిపెట్టి చూచుటకు క్రింద నెందరో మేలుకొనియుండిరి. ఒక్కని ఊపిరికొరకు అంత శ్రద్ధ! పది అడుగుల లోతు పాతరలోనికి కూలివానిని దింపునప్పుడు పైన నున్న ఆసామి యెంత శ్రద్ధ వహించుచున్నాడు?

రాయలసీమలో జొన్నలను పాతరలలో దాచుట పాత యాచారము. ఇప్పు డరుదైనను చదువరులలో నెరుగనివారుండరు. గుంతలోపల గడ్డి పరచి, ధాన్యము నింపి, నోటిని మట్టితో మూయుదురు. గింజయు ప్రాణియే; మూతపడిన చీకటిలో అది ఊపిరి పీల్చును. ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు గాలి పెరుగును. పురుగులు దానివలననే చచ్చి ధాన్యము నిలువయుండును. గింజను కాపాడు గాలియే మనుష్యుని చంపును. అది మామూలు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. రంగును వాసనయు లేనిది. నోరు తెరచినను అడుగుననే నిలుచును. నూటికి పది పాళ్లయినచో కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పును; ప్రాణవాయువు మిక్కిలి తగ్గినచోట రెండు మూడు ఊపిరులకే మనిషి కూలును. ఆకులు కుళ్లిన పాడుబావి సంగతియు ఇట్టిదే.

దిగినవాడు కేకయైన వేయక పడిపోవును. వానిని తీయుటకు అన్న దిగును. అన్నకొరకు పొరుగువాడు దిగును. ముగ్గురును పోయిన పిమ్మట బావిలో దయ్యమున్నదనియు, వారికి గాలి పట్టెననియు ఊరివారందురు. గాలి పట్టుట కాదు, గాలి లేకపోవుట! భూతవైద్యుడు వచ్చును, కోడిని కోయుదురు, బావి మాత్రము మరియొకనికొరకు అట్లే కాచుకొనియుండును. చదువుకొన్నవారు ఇందుకు నవ్వుదురు. కాని నవ్వినవారే తమ యింటి మరుగుగుంతలోనికి కూలివానిని వట్టిచేతులతో దింపుదురు. మరుగుగుంతలను రక్షణసాధనములు లేక మనుష్యులచేత శుభ్రపరపించుటను 2013 నాటి చట్టము నేరముగా నిర్ణయించినది.

పాతరను తెరచి చాలసేపు విడిచి, గాలి విసరు యంత్రముతో అడుగునకు మంచి గాలిని పంపవలెను. దీపము దింపి చూచుట పెద్దలనాటి పరీక్ష, ఆరినచో దిగరాదు. ఆరనంతమాత్రమున క్షేమమని నమ్మరాదు. ఏలయన, దీపము వెలుగుచున్నచోటను బొగ్గుపులుసు గాలి హాని చేయగలదు. మరుగుగుంతలలో మండెడు వాయువు లుండుటచేత అచ్చట దీపమే యపాయము. గాలిని కొలుచు పరికరము లిప్పుడు చిక్కుచున్నవి, అద్దెకైనను తెప్పించవలెను. దిగువాని చంకల క్రిందుగా త్రాడు ముందే కట్టి, దాని కొనను పైన నిరువురు పట్టుకొనవలెను. వాడు మాట నిలిపిన తక్షణమే లాగుదురు గాని, వాని వెనుక మరియొకడు దిగడు.