దూరపు స్వారీలో విజేత ఎవరు?

ఎండ్యూరెన్స్ రైడింగ్ అంటే గుర్రంతో చేసే దూరపు స్వారీ పోటీ. అంతర్జాతీయంగా పెద్ద పోటీల దూరం 160 కిలోమీటర్లు. దాన్ని కొన్ని దఫాలుగా విడగొడతారు. దఫా ముగిసినప్పుడల్లా పశువైద్యులు గుర్రాన్ని నిలిపి గుండె వేగం, ఒంట్లో నీటి స్థాయి, పేగుల కదలిక, నడక పరీక్షిస్తారు. గడువులోగా గుండె వేగం నిమిషానికి 64కు దిగకపోయినా, కాలు కుంటినా, అందరికన్నా ముందున్న గుర్రం కూడా అక్కడితో ఆగిపోవాల్సిందే. అందువల్ల ఈ ఆటలో జాతీయ విజేతను ఎంచడం గడియారం చూసి తేల్చే పని కాదు. నోరులేని ప్రాణి పడిన శ్రమకు కీర్తి ఎవరికి చెందాలి, ఆ శ్రమను ఎంతవరకు కోరవచ్చు అన్న ధర్మసందేహం అందులో ఉంది.

వాడుకలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా రెండు. ఏడాది పొడుగునా జరిగే పోటీల పాయింట్లు కూడి, ఎక్కువ వచ్చినవారికి బిరుదు ఇవ్వడం ఒకటి. ఒకే పెద్ద పోటీ పెట్టి, అందులో మొదట వచ్చినవారిని విజేతగా ప్రకటించడం రెండోది. మొదటిదాంట్లో నిలకడ తెలుస్తుంది గాని, పాయింట్ల కోసం గుర్రాన్ని విశ్రాంతి లేకుండా తిప్పే ఆశ పుడుతుంది. రెండోదాంట్లో ఆ ఒక్కరోజు వేగానిదే రాజ్యం. ఈ రెంటికీ దిద్దుబాటుగా మరో సంప్రదాయం వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్ స్వారీలో, మొదటి పదిమందిలో ఏ గుర్రం అందరికన్నా ఆరోగ్యంగా గమ్యం చేరిందో చూసి హాగిన్ కప్ అని వేరే బహుమతి ఇస్తారు. ఆ బహుమతిని రెండోస్థానంలో ఉంచడం న్యాయమా అన్నదే అసలు ప్రశ్న.

గుర్రం కర్తా, కరణమా? కఠోపనిషత్తులోని రథరూపకంలో ఇంద్రియాలే గుర్రాలు, బుద్ధి సారథి. ఆ చూపులో గుర్రం పనిముట్టు. కీర్తి అంతా పగ్గం పట్టినవాడిదే. గీత పద్దెనిమిదో అధ్యాయం కార్యసిద్ధికి అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అని ఐదు కారణాలు చెప్పి, తానొక్కడే కర్తనని అనుకునేవాడు సరిగా చూడలేడని తేల్చింది. అయితే ఉపనిషత్తులో గుర్రం ఉపమానం మాత్రమే. దాని కష్టసుఖాల చర్చ అక్కడ లేదు. నిజమైన గుర్రం గురించి తెలుసుకోవాలంటే ఇతిహాసం దగ్గరికి రావాలి.

మహాభారతం అరణ్యపర్వంలో, నన్నయ తెలుగు చేసిన నలోపాఖ్యానంలో, ఋతుపర్ణ మహారాజు ఒక్కరోజులో విదర్భ చేరాలి. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు బక్కచిక్కిన గుర్రాలను ఎంచుతాడు. ఇవి అంత దూరం ఎలా లాగుతాయని రాజు శంకిస్తాడు. నలుడు చూసింది కండను కాదు, లక్షణాన్ని, దారిని తట్టుకునే సత్తువను. గుర్రాలు తొట్రుపడితే లాలించి నిలబెడతాడు. విదర్భలోని కుండినపురం చేరాక వాటిని విప్పి, శాస్త్రం చెప్పినట్టు సేవ చేశాకే కూర్చుంటాడు. రథఘోష విని భార్య దమయంతికి నలుడన్న అనుమానం కలిగింది నిజమే. కాని ఆ సారథ్యం చివరి ఘట్టం గుర్రాల సేవ.

ద్రోణపర్వం ఇంకా ముందుకు వెళ్తుంది. సైంధవుణ్ణి సూర్యాస్తమయంలోగా చంపుతానని అర్జునుడు చేసిన ప్రతిజ్ఞ నెరవేర్చాల్సిన రోజది. ప్రతి గడియా విలువైనదే. అయినా గుర్రాలు అలిసి, గాయపడి ఉన్నాయని యుద్ధం నడుమ రథం ఆగుతుంది. అర్జునుడు బాణాలతో కొలను కల్పిస్తాడు, కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన బాణాలు తీసి, ఒళ్లు నిమిరి, నీళ్లు తాగిస్తాడు. ఇప్పటి పోటీల్లోని వైద్యపరీక్షకు ఇంతకన్నా ఘనమైన పూర్వరూపం మరొకటి లేదు. ప్రతిజ్ఞకు గడువు ఉన్నంత మాత్రాన గుర్రం అలసటకు విలువ తగ్గలేదు.

ఇతిహాసం నుంచి నేల మీదికి వస్తే, తమిళనాడులోని వేలూరు జిల్లాలో ఈ విషయం మీద మరింత కచ్చితమైన ధర్మం చెప్పిన మతం ఆనవాళ్లున్నాయి. వళ్లిమలైలో గంగరాజు రాచమల్లుడి కాలపు, అంటే తొమ్మిదో శతాబ్దపు, జైన శిల్పాలూ శాసనాలూ కనబడతాయి. జైనుల తత్త్వార్థసూత్రం గృహస్థు అహింసావ్రతానికి ఐదు అతిచారాలు పేర్కొంది: కట్టివేయడం, కొట్టడం, అంగం ఛేదించడం, మోయలేని బరువు వేయడం, తిండీ నీళ్లూ అడ్డుకోవడం. చంపకపోయినా వ్రతం చెడుతుందని దీని తాత్పర్యం. చివరి రెండూ దూరపు స్వారీకి నేరుగా వర్తిస్తాయి. గుర్రం బతికే ఉంది కదా అన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

వేలూరుకు కీర్తికెక్కిన స్వారీ కూడా ఒకటుంది. 1806 జులై 10న కోటలో సిపాయిలు తిరగబడ్డారని తెలిసి, కర్నల్ గిలెస్పీ ఆర్కాటు నుంచి సుమారు 25 కిలోమీటర్లు 19వ లైట్ డ్రాగూన్ల గుర్రాలను పరుగెత్తించి వచ్చాడు. ఆంగ్లేయులు ఆ వేగాన్ని కొనియాడారు. దాని వెనకే వందల సిపాయిల చావు వచ్చింది. ఎందుకోసం, ఎవరి ప్రాణం మీద అన్నవి అడగకుండా వేగాన్ని గుణంగా లెక్కించకూడదనడానికి ఈ ఉదాహరణ చాలు. అదే కోటలో, జలకంఠేశ్వరాలయ కల్యాణమండపం స్తంభాల మీద, విజయనగర కాలపు శిల్పి ముందుకాళ్లెత్తిన గుర్రాలకే రాయిలో పెద్దభాగం ఇచ్చాడు. స్వారీ చేసేవాడు వాటి మీద చిన్నగా ఉంటాడు.

ఎండ సంగతి వేరుగా చెప్పాలి. 2018లో అమెరికాలోని ట్రయాన్‌లో జరిగిన ప్రపంచ అశ్వక్రీడల్లో, ఉక్కపోత, వేడి కలిసి గుర్రాలకు ప్రమాదకరం కావడంతో ఎండ్యూరెన్స్ పోటీని మధ్యలోనే రద్దు చేశారు. విజేత లేడు. తర్వాత ఒక గుర్రం చనిపోయింది కూడా. వేలూరు నుంచి కౌండిన్య నది ఒడ్డునున్న గుడియాత్తం దాకా దూరం ముప్పై కిలోమీటర్లకు అటూఇటూ, అంటే ఒక్క దఫాకు సరిపడేంత. మే నెలలో ఆ ప్రాంతంలో నలభై డిగ్రీలు దాటడం కొత్త కాదు. అలాంటి చోట పోటీ తేదీ ఖరారు చేయడం కూడా నైతిక నిర్ణయమే; అది నిర్వాహకుల సౌకర్యానికి వదిలేయదగినది కాదు.

వీటన్నిటినీ బట్టి జాతీయ విజేత ఎంపికకు వరుస ఇలా ఉండాలి. బిరుదు ఒక మనిషిది కాక, ఒక గుర్రం, ఒక రౌతు కలిసిన జంటది కావాలి. పతకాల పట్టికలో గుర్రం పేరు కూడా రాయాలి. ఏడాది పాయింట్లు పోటీకి అర్హత ఇవ్వడానికే పరిమితం కావాలి, వాటిలోనూ రెండు స్వారీల మధ్య విశ్రాంతి పాటించనివాటిని కొట్టేయాలి. చివరి పోటీలో గమ్యం చేరి పరీక్షలో నెగ్గినవారిలో, మర్నాటి ఉదయం కూడా గుర్రం నడక సరిగా, గుండె నిదానంగా ఉన్నవారినే లెక్కలోకి తీసుకోవాలి. వేగం వారి మధ్యనే చూడాలి. ఏ గుర్రమూ ఆ పరీక్షకు నిలవని ఏడాది బిరుదు ఎవరికీ ఇవ్వకూడదు.