నడిసముద్రములో చట్టము, ఒడ్డున వర్తకుడు



నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో దుకాణమెక్కినవాడను. శాస్త్రము చెప్పుట సాధు మహారాజుల పని. నేను చెప్పదలచినది బేరము సంగతి. కాని మన ధర్మములో బేరమునకు కూడ శాస్త్రము కలదు గనుక ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

తీరము నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు ఆ దేశపు సముద్రము. 200 మైళ్ళ వరకు అందలి చేపలపైన, తక్కిన సంపదపైన ఆ దేశమునకే హక్కు. ఆ పైన నడిసముద్రము. 1982 నాటి సముద్ర న్యాయ ఒడంబడిక ప్రకారము అచ్చట తిరుగు ఓడపై, అది ఏ దేశపు జెండా ఎగురవేయునో ఆ దేశమునకే సాధారణముగా అధికారము. దొంగ ఓడవాడికి ఇంతకన్న వరమేమి కావలెను? పాత పేరు మీద రంగు పూసి కొత్త పేరు వ్రాయించును. అడుగువాడు లేని దేశపు జెండా తెచ్చి కట్టును.

థండర్ అను ఓడ కథ వినుడు. దక్షిణ ధ్రువము చుట్టునున్న సముద్రములోని జీవుల రక్షణకై 1980లో కొన్ని దేశములు ఒడంబడిక చేసికొన్నవి. 1982లో అది అమలులోనికి వచ్చినది. అచ్చటి చలినీటిలో టూత్‌ఫిష్ అను పెద్ద చేప కలదు. నిదానముగా పెరుగును, చాల యేండ్లు బ్రతుకును. లెక్కకు మించి పట్టరాదనియు, నీటిలో గోడవలె నిలుచు వలలు వేయరాదనియు నిబంధనలు ఏర్పడినవి. థండర్ పేర్లు మార్చుచు, జెండాలు మార్చుచు యేండ్ల తరబడి అదే పని చేసినది. 2013 డిసెంబరులో ఇంటర్‌పోల్ ఆ ఓడను గూర్చి దేశములకు నోటీసు పంపినది. నోటీసు కాగితమే గదా! నడిసముద్రములో దానిని చేత పట్టుకొని పోవువాడెవడు?

2014 డిసెంబరు 17న సీ షెపర్డ్ అను స్వచ్ఛంద సంస్థవారి బాబ్ బార్కర్ ఓడ ఆ దక్షిణ సముద్రములో థండర్‌ను కనుగొన్నది. వారికి అరెస్టు చేయు అధికారము లేదు. వెంటబడుట ఒక్కటే చేయగలరు. 110 రోజులు, మూడు మహాసముద్రములు, విడువకుండ వెంటబడిరి. వారిదే మరియొక ఓడ, శామ్ సైమన్, థండర్ వదలి పారిపోయిన వలలను పైకి లాగినది. 72 కిలోమీటర్ల వలలు! అందులో చచ్చినవి టూత్‌ఫిష్‌లు మాత్రమే కావు. బేరమునకు పనికిరాని పీతలు మొదలగు జీవులు కూడ ఎన్నో చచ్చినవి.

2015 ఏప్రిల్ 6న ఆఫ్రికా పడమటి ప్రక్కనున్న సావో తోమె దేశపు నీళ్ళలో థండర్ మునిగినది. కావలెనని ముంచిరని వెంటాడినవారు చెప్పిరి. మునుగుచున్న ఓడపైకి వారి మనుష్యులెక్కి కంప్యూటర్లు, ఫోటోలు, ఒక చేప తెచ్చి సాక్ష్యముగా భద్రపరచిరి. ఓడలోని 40 మందిని కాపాడి ఒడ్డుకు చేర్చినవారు కూడ, మూడున్నర నెలలు వెంటాడిన ఆ మనుష్యులే. ఈ సంగతి నాకు పదే పదే తలపునకు వచ్చును. ఆ యేడు అక్టోబరులో సావో తోమె కోర్టు కెప్టెనుకు, ఇద్దరు ఇంజనీర్లకు శిక్షలు వేసి, కోటిన్నర యూరోల జరిమానా విధించినది.

ఇందులో వర్తకుడు చూడవలసినది ఒకటున్నది. చట్టము నీటి మీద పట్టుకొనలేకపోయినది, ఒడ్డుకు వచ్చిన తరువాత పట్టుకొన్నది. అందుకనియే 2000 సంవత్సరము నుండి టూత్‌ఫిష్ సరుకు వెంట, పట్టిన ఓడ ఏది, పట్టిన చోటు ఏది అను కాగితము ఉండవలెనని ఆ ఒడంబడిక దేశములు నిర్ణయించినవి. 2009లో రేవుల ఒడంబడిక పుట్టి 2016లో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము దొంగ ఓడను రేవులోనికి రానీయక, సరుకు దింపనీయక ఆపవచ్చును. దొంగ సరుకు ఎవరో ఒకరు కొననిదే డబ్బు కాదు. కొనువాడు ఎవడు? మనబోటి వర్తకుడే.

మన పెద్దలు అస్తేయ అణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పిరి. దొంగను పురికొల్పుట, దొంగ తెచ్చినది పుచ్చుకొనుట, రాజ్య నిబంధనను దాటుట, తప్పుడు తూకము, ఒక సరుకును మరియొక సరుకుగా అమ్ముట. ఈ ఓడల వ్యాపారములో ఎన్ని కలవో లెక్కించుడు. కడపటి దానిని గూర్చి ఒక మాట. ఈ టూత్‌ఫిష్‌ను అమెరికాలో చిలీ సముద్రపు బాస్ చేప అను పేరుతో అమ్ముదురు. అది బాస్ జాతియే కాదు. పేరు బాగుండలేదని 1977లో ఒక దిగుమతి వర్తకుడు పెట్టిన పేరు. ఆ పేరునకు నేడు ప్రభుత్వపు సమ్మతి కలదు గాని, గిరాకి పెరిగినది ఆ పేరుతోనే!

ఈ చట్టములు జీవదయ కొరకు పుట్టలేదు గదా, రేపు పట్టుటకు చేపలు మిగులవలెనని పుట్టినవి గదా అని మనలో కొందరందురు. నిజమే. చట్టము ఎన్ని మిగిలినవని అడుగును. మనము ప్రతి పంచేంద్రియ జీవికిని ప్రాణము తీపి అందుము. అయినను, గృహస్థుడు మహావ్రతము పట్టలేక అణువ్రతము పట్టినప్పుడు మనము నవ్వుదుమా? ఈ ఒడంబడికలు దేశముల అణువ్రతములని నాకు తోచును. వ్రతము చిన్నదైనందుకు గాదు, చాటుగా తప్పినందుకు దోషము. చాటుగా గాక బాహాటముగా విడుచుట కూడ కలదు. వ్యాపారము కొరకు తిమింగలములను వేటాడరాదని అంతర్జాతీయ సంఘము 1982లో తీర్మానించగా, జపాను 2019లో ఆ సంఘమునే వదలి తిరిగి వేట మొదలుపెట్టినది.

మా బంధువుల కుర్రవాడొకడు నన్నడిగినాడు: “మామయ్యా, మనము వల వేయలేదు, చేపను ముట్టలేదు. మరబోటు వానికి అడ్వాన్సు ఇచ్చినాము, వడ్డీ తీసికొన్నాము. పాపము వలవానిది గదా?”

వానికి దంతవాణిజ్యము సంగతి చెప్పితిని. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో అదొకటి. దంతము, చర్మము, గోళ్ళు, ఎముకలు పుట్టినచోటికే పోయి కొనరాదని హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో వివరించిరి. ఏలయనగా, వర్తకుడు అడవిలోని పుళిందులకు ముందుగా సొమ్మిచ్చి దంతములు కావలెననును. సేటు వచ్చు వేళయైనదని వారు ఏనుగును చంపుదురు. బాణము పుళిందునిదే. ఏనుగు చచ్చినది మాత్రము అడ్వాన్సు వలన. చేయుట, చేయించుట, మెచ్చుట మూడును మనకు ఒకటే గదా.

కుర్రవాడు మాటాడలేదు. కొంచెము సేపటికి, “అయితే ఎవరికి ఇవ్వవచ్చును?” అన్నాడు. ఆ ప్రశ్న మంచిది. ఉపాసకదశాంగములో ఆనంద శ్రావకుడు వ్యాపారము మానలేదు. పరదేశ యాత్రకు నాలుగు ఓడలు, సరుకు మోయుటకు నాలుగు ఓడలు అని హద్దు పెట్టుకొన్నాడు.

మా బరంపురము వారికి ఈ మాట దూరపు మాట కాదు. ఋషికుల్య నది మొగ దగ్గర ఇసుకలో గ్రుడ్లు పెట్టుటకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలకు వేలు వచ్చును. వాటి అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించు ఒడంబడికలో మన దేశము 1976లోనే చేరినది. మన 1972 చట్టము కూడ వాటిని కాపాడుచున్నది. నవంబరు 1 నుండి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధము. గాలి పీల్చుటకు పైకి రావలసిన జీవి అది. ట్రాలరు వలలో చిక్కిన ఊపిరాడక చచ్చును. రాత్రివేళ హద్దు లోపలికి వచ్చు ప్రతి బోటును గస్తీవారు పట్టజాలరు. ఆ బోటుకు నూనె, మంచు, వల ఎవరి సొమ్ముతో వచ్చినవో మన ఖాతా పుస్తకములకు తెలియును.

పర్యూషణ ముగిసిన రెండు నెలలకే ఆ నవంబరు వచ్చును. బోటువారు అడ్వాన్సులకై అంతకుముందే మన గద్దెల దగ్గరకు వత్తురు. హద్దు లోపల వల వేయనని వ్రాసి ఇచ్చినవానికే సొమ్ము అని గుమాస్తాలకు ఇప్పుడే చెప్పి ఉంచుడు. ఆ వ్రాత వాడుకొను నమూనా కాగితమొకటి మా దుకాణములో కలదు. కావలసినవారు తీసికొని పోవచ్చును.