తల్లి అడుగు చొప్పున నడచు కాపరి

ధ్యాన భాగములు: యెషయా 40:9–11, ఆదికాండము 33:12–14

రాత్రి రెండు గంటలు దాటినది. ఇల్లంతయు నిద్రలో నున్నది. పుట్టింట కాన్పు జరిగి ఇరువది దినములైన ఒక బాలింత గోడకు ఆనుకొని కూర్చుండి, ఒడిలోని పసికందుకు పాలిచ్చుచున్నది. ఈ రాత్రి ఇది మూడవ మారు. ఎదుటి గూటిలో ఆమె బైబిలు కనబడుచున్నది. కాన్పునకు ముందురోజు పెట్టిన గుర్తు కాగితము ఇంకను అదే పుటలో నున్నది. పెండ్లికి పూర్వము నుండియు స్త్రీల సమాజములో ప్రార్థన నడిపించిన స్త్రీ ఆమె. కాన్పు తరువాత రెండు మారులు గ్రంథము తెరచినది. రెండు మారులును మొదటి వచనము దాటకమునుపే కన్నులు మూతలుపడినవి. పుట్టినది రెండవ ఆడబిడ్డ. చూడవచ్చిన అత్తగారు "మరల ఆడపిల్లయేనా?" అని ఒక్క మాట అని, కాఫీ త్రాగి వెళ్లిపోయినది. ఆ మాట ముల్లువలె లోపల నాటుకొన్నది.

ప్రార్థన తన నోట నుండి పోయినది గనుక దేవుడును తన యొద్ద నుండి పోయినాడేమో అని ఆమె తలంచుచున్నది. ఈ తలంపును ఆమె ఎవరికిని చెప్పలేదు. బిడ్డ పుట్టిన ఇంట దుఃఖమును గూర్చి మాటలాడుట తగదని ఆమె యెరుగును. వచ్చినవారందరు బిడ్డ యెవరి పోలికయని అడుగుదురు. తల్లి యెట్లున్నదని నిలిచి అడుగువారు అరుదు. సంఘములో కృతజ్ఞతా ప్రార్థన చేయబడును, మిఠాయి పంచబడును. అయితే ఆ రెండు గంటల రాత్రి ఆమెకు ఒక మాట కావలెను. పరిశుద్ధ లేఖనములో అట్టి మాట యున్నదా?

ఉన్నది. అది యెషయా గ్రంథము నలుబదియవ అధ్యాయములో, ఒక వచనపు చివర, తొందరగా చదువువారు గమనింపకయే దాటిపోవు చోట ఉన్నది.

బలమైన బాహువు

ఆ అధ్యాయము బబులోను చెరలో నున్న ప్రజలకు ఓదార్పుగా పలుకబడినది. ఇంటికి పోవు దారి తెరవబడుచున్నదని ప్రవక్త చాటుచున్నాడు. పదియవ వచనములో దేవుడు జయశాలియైన రాజువలె వచ్చుచున్నాడు. ఆయన బాహువే ఆయన పక్షమున ఏలుచున్నది. పదునొకండవ వచనములో ఆయన కాపరి. ఇచ్చటను మరల అదే బాహువు ప్రస్తావింపబడినది. ఇప్పుడు అది గొఱ్ఱెపిల్లలను చేరదీయుచున్నది. హెబ్రీ మూలములో రెండు వచనములలోను ఒకటే పదము వాడబడినది. రాజ్యములను వంచిన చేయియే పసిప్రాణమును ఎత్తుకొను చేయి. సున్నితముగా ఎత్తుకొనుటకు ఆయన తన బలమును విడిచిపెట్టలేదు. బలమైన చేయి గనుకనే అందులోని పసిది క్షేమముగా నున్నది.

అయితే ప్రవక్త పిల్లలతో ఆగలేదు. పిల్లలను రొమ్మున మోయు ఆ కాపరి, పాలిచ్చు తల్లులను గూర్చి వేరుగా ఒక మాట చెప్పించుకొనుచున్నాడు. ఆ తల్లులు మోయబడుట లేదు, వారు నడువవలసినవారే. బిడ్డకు కావలసిన పాలు వారి యొద్దనే యున్నవి. కాని వారి నడక ఇతరుల నడకవంటిది కాదని కాపరి యెరుగును. హెబ్రీలో వారికి వాడబడిన పదము "ఆలోత్," అనగా పాలిచ్చుచున్నవి. దావీదు రాజగుటకు మునుపు ఇట్టి గొఱ్ఱెల వెనుకనే నడిచెనని 78వ కీర్తన చివర చెప్పుచున్నది. రాజ్యమేలుటకు దేవుడు ఏర్పరచుకొన్న మనుష్యుడు మొదట పాలిచ్చు తల్లుల వెనుక మెల్లగా నడచుట నేర్చుకొన్నవాడు.

క్రీస్తునకు పూర్వము ఈ గ్రంథమును గ్రీకు భాషలోనికి తర్జుమా చేసిన యూదు పండితులు ఈ చోట వేరొక రీతిగా వ్రాసిరి. గర్భముతో నున్నవాటిని ఆయన ఆదరించునని వారి తర్జుమా. ఆదరించుటకు వారు వాడిన క్రియ నుండియే, యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు పేరైన "ఆదరణకర్త" అను పదము వచ్చినది. హెబ్రీ మూలము నడకను చెప్పుచున్నది, గ్రీకు తర్జుమా ఓదార్పును చెప్పుచున్నది. అలసిన తల్లికి ఈ రెండును వేరువేరు కావు. తన నడకను చూచి తాను మెల్లగా నడచువాడే ఆమెకు ఓదార్పు.

యాకోబు చెప్పిన మాట

పాలిచ్చువాటి మాటయు, మెల్లగా నడిపించు మాటయు కలిసి కనబడు మరియొక చోటు ఆదికాండము ముప్పది మూడవ అధ్యాయము. ఏశావు నాలుగువందల మందితో ఎదురు వచ్చి, కలిసి ప్రయాణము చేయుదమని యాకోబును పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు లేతవారని, మందలో పాలిచ్చునవి ఉన్నవని, ఒక్క దినమైనను తొందరపెట్టి తోలితే మంద మిగులదని చెప్పెను. తాను పశువుల అడుగును బట్టియు పిల్లల అడుగును బట్టియు మెల్లగా వచ్చెదననెను. యెషయా గ్రంథములో కాపరి నడిపించుటకు వాడబడిన క్రియయే ఇచ్చటను ఉన్నది. ఇరువది మూడవ కీర్తనలో శాంతజలముల యొద్దకు నడిపించుటకును అదియే క్రియ.

యాకోబు హృదయము ఆ దినమున పూర్తిగా నిష్కపటమని చెప్పలేము. అన్నకు మాటయిచ్చిన శేయీరునకు పోక, అతడు సుక్కోతునకు మరలెను. అయినను మందను గూర్చి అతడు పలికినది సత్యము. ఏండ్ల తరబడి ఎండకును మంచుకును ఓర్చి మంద కాచినవాని నోట వచ్చిన సత్యము. నాలుగువందల మంది పురుషుల వేగము చెడ్డది కాదు. అది పాలిచ్చు తల్లికి తగినది కాదు, అంతే. మందలో అందరికంటె మెల్లగా నడచునదే మంద వేగమును నిర్ణయించవలెనని కాపరి యెరుగును.

చెరనుండి తిరిగి వచ్చిన ఎజ్రా గుంపునకు బబులోను నుండి యెరూషలేము చేరుటకు నాలుగు నెలలు పట్టినట్లు ఎజ్రా 7:9 వలన తెలియుచున్నది. బయలుదేరునప్పుడు అహవా నది యొద్ద వారు ఉపవాసముండి, తమ కొరకును తమ చిన్నవారి కొరకును తిన్నని మార్గము వేడుకొనిరి. ఆ నాలుగు నెలల దారిలో ఎందరు తల్లులు చెట్టునీడను ఆగి పాలిచ్చియుందురో గ్రంథము లెక్క చెప్పలేదు. అయినను చిన్నవారు ఆ ప్రార్థనలో మరువబడలేదు.

ప్రార్థన నిడివి

ఆ బాలింత తనను తాను నిందించుకొనుట దేనికి? పూర్వము ఉదయముననే లేచి గంటసేపు మోకరించెడిది. ఇప్పుడు అది లేదు. క్రొత్తగా పుట్టిన శిశువు దినమునకు 8 మొదలు 12 మారులు పాలు త్రాగును. పగలు రాత్రి అను భేదము దానికి తెలియదు. ఇట్టి దినములలో ఆ పాత గంటను వెదకుట, నాలుగువందల మంది నడకను బాలింత నుండి కోరుటవంటిది. ఆ కోరిక ప్రభువునది కాదు.

హన్నాను చూడుడు. షిలోహు మందిరములో ఆమెవలె దీర్ఘముగా ప్రార్థించినవారు అరుదు. యాజకుడు ఆమెను మత్తురాలని భ్రమపడునంతగా ఆమె ప్రార్థించెను. అయితే సమూయేలు పుట్టిన తరువాత ఏటేటి బలికి ఇంటివారందరు బయలుదేరినప్పుడు ఆమె వెళ్లలేదు. పాలు మాన్పించు వరకు ఇంటనే యుందునని చెప్పెను. ఆ కాలమున పాలు మాన్పించుట రెండు మూడేండ్లకు గాని జరుగలేదు. అన్నేండ్లు ఆమె షిలోహు పండుగను చూడలేదు. లేఖనము ఆమెను ఒక్క మాటయైనను తప్పుపట్టలేదు. భర్తయైన ఎల్కానా ఆమె దృష్టికి మంచిదని తోచినది చేయుమనెను. దేవునికి ప్రతిష్ఠింపబడిన బిడ్డకు పాలిచ్చుట ఆ యేండ్లలో ఆమె బలి.

ఏలీయాను చూడుడు. బదరీవృక్షము క్రింద చావు కోరుకొని పడియున్న ప్రవక్తకు దేవదూత మొదట ప్రసంగము చేయలేదు. రొట్టె పెట్టెను, నీళ్లిచ్చెను, నిద్రపోనిచ్చెను. మరల లేపి మరల తినిపించెను. హోరేబులో స్వరము వినబడినది ఆ తరువాతనే. శరీరమును సృజించినవాడు శరీరపు అలసటను పాపముగా లెక్కింపడు.

మాటలు రానప్పుడు ఆత్మ మన పక్షమున మూలుగుచున్నాడని పౌలు రోమీయులకు వ్రాసెను (8:26). కనుక బాలింత ప్రార్థన ఒక్క వాక్యమైనను చాలును. బిడ్డను రొమ్మున చేర్చుకొనునప్పుడు "ప్రభువా, దీనిని పోషించుము, నన్నును పోషించుము" అనిన యెడల, దినమునకు పది మారులు ఆమె ప్రార్థించినదగును. ఇది తక్కువ ప్రార్థన కాదు.

మనస్సు చీకటియైనప్పుడు

కాన్పు జరిగిన మొదటి దినములలో కారణము లేక ఏడ్పు వచ్చుట అనేకమంది తల్లులకు కలుగును. సాధారణముగా రెండు వారములలో అది తగ్గిపోవును. అట్లు తగ్గక, నిద్రించుటకు అవకాశమున్నను నిద్ర పట్టక, బిడ్డ మీదను బ్రదుకు మీదను ఆశ పోయిన యెడల, అది వ్యాధి. విశ్వాసము తగ్గుటచేత వచ్చినదనియు, దయ్యపు పీడయనియు పలికి తల్లిని మరింత క్రుంగదీయరాదు. వైద్యమున్నది, వైద్యుని చూపవలెను. తనకుగాని బిడ్డకుగాని హాని చేసికొనవలెనను తలంపు ఆమెకు వచ్చినచో, ఆమెను ఒంటరిగా విడువక ఆ గడియలోనే ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ప్రార్థన ఆమెతో కూడ ఆస్పత్రికి పోవును. ఆస్పత్రికి బదులుగా నిలువదు.

ఈ సత్యమును మన దేశపు సంఘము మునుపే నేర్చుకొన్నది. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పులో మరణించిరి. పురుష వైద్యుని చేయి తగులరాదని ఇంటివారు నిరాకరించిరి. అది చూచిన యువతి ఐడా స్కడ్డర్ వైద్యము చదివి తిరిగి వచ్చి, 1902లో వేలూరులో ఆస్పత్రి తెరచెను, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల నెలకొల్పెను. తెలుగునాట గుంటూరునకు 1883లో వచ్చిన లూథరను వైద్యురాలు అన్నా కుగ్లరు పదునైదేండ్ల శ్రమ తరువాత, 1898లో స్త్రీలకును పిల్లలకును ఆస్పత్రి తెరచెను. కాపరి తల్లులను మెల్లగా నడిపించుటకు వాడుకొన్న చేతులు అవి.

ఇంటివారి వంతు

ఇప్పుడు ఆ అత్తగారి మాటకు రావలెను. రూతు గ్రంథము చివర ఒక అత్తగారు ఉన్నది. బేత్లెహేము స్త్రీలు నయోమితో పలికిన మాట, ఆమె కోడలు ఆమెకు ఏడుగురు కుమారులకంటె మేలైనదని. మగసంతానమే సమస్తమని యెంచు ఊరిలో, ఇద్దరు కుమారులను పాతిపెట్టిన స్త్రీతో ఆ మాట చెప్పబడినది. ఏడుగురు కుమారులకు మించిన ఆ కోడలు ఒకప్పుడు మోయాబులో ఒక ఇంట పుట్టిన ఆడపిల్లయే. ఆమె పుట్టిన దినమున ఎవరైనను పెదవి విరిచియుందురేమో. దావీదు వంశము, ప్రభువైన యేసు వంశము ఆమె గుండ నడిచినది.

నయోమి ఏమి చేసెను? బిడ్డను తీసికొని తన కౌగిట ఉంచుకొని, దానికి దాది ఆయెను. రూతు నడుము వాల్చుకొనుటకు దొరికిన గడియలు అవి. ఇంట అత్తగారు చేయగల గొప్ప ప్రార్థన ఇదియే: బిడ్డను రెండు గంటలు ఎత్తుకొని, కోడలిని పడుకొనుమనుట. భర్త చేయగలది ఎల్కానా చేసినదే: ఆమె అడుగును బట్టి తన అడుగు వేయుట, రాత్రి తానును లేచుట, ఆడబిడ్డను గూర్చిన నింద గడప దాటి లోనికి రాకుండ అడ్డు నిలుచుట. సంఘము చేయగలది, బాలింత ఎందుకు కూడికకు రాలేదని లెక్క అడుగుట కాదు; వేడి అన్నముతో ఆమె ఇంటికి పోయి, ఒక కీర్తన చదివి, త్వరగా సెలవు తీసికొనుట.

మరియ బీదరాలు. శుద్ధిదినములు గడిచినప్పుడు గొఱ్ఱెపిల్లను అర్పింపలేక పక్షుల జతను తెచ్చినదని లూకా సువార్త తెలుపుచున్నది. దేవుని కుమారుడే ఒక బాలింత రొమ్మున పాలు త్రాగి పెరిగెను. లోకమును పోషించువాడు ఆమె చేత పోషింపబడెను. కనుక ఆ చాకిరి ఎట్టిదో ఆయన పరలోకము నుండి చూచి మాత్రమే తెలిసికొన్నవాడు కాడు. ఒడిలో ఉండి తెలిసికొన్నవాడు.

ఆ రాత్రి ఇంకను తెల్లవారలేదు. బిడ్డ పాలు విడిచి నిద్రపోయినది. బైబిలు గూటిలోనే యున్నది. అయితే ఇశ్రాయేలును కాపాడువాడు కునుకువాడు కాడని 121వ కీర్తన సాక్ష్యమిచ్చుచున్నది గనుక, ఆ ఇంట మేల్కొని యున్నవారు ఒక్కరు కారు, ఇద్దరు. తాను ప్రార్థింపలేదు గనుక ఆయన పోయినాడని తల్లి తలంచినది. ఆయన పోలేదు. ఆమె అడుగు మెల్లగా పడుచున్నది గనుక, ఆయనయు మెల్లగా నడచుచున్నాడు.

ప్రార్థన

మంచి కాపరివైన ప్రభువా, ఈ పసిబిడ్డను నీ బాహువులో నుంచుము. అలసిన ఈ తల్లి అడుగును చూచి నడువుము. ఆమె పలుకలేని మాటలను నీ ఆత్మ పలుకును గాక. నిందించిన నోళ్లకు కనికరమును, ఇంటివారి చేతులకు సేవయు నేర్పుము. చీకటిలో నున్న తల్లులకు సహాయమును సకాలమున పంపుము. స్త్రీయందు పుట్టిన నీ నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.