బోధి అనే మాట

మన పేటల్లో విహారం కట్టగానే అందరం కలిసి రావి మొక్క నాటుతాం. మంచిదే. కానీ నాలుగేళ్లకు అది చెట్టయ్యేసరికి మొదట్లో పసుపు కుంకుమలు కనిపిస్తాయి, కొమ్మలకు దారాలు వేలాడతాయి, శనివారం ప్రదక్షిణలు మొదలవుతాయి. అడిగితే "బోధివృక్షమే కదన్నా, తప్పేముంది?" అంటారు.

అసలు బోధి అనేది ఏ చెట్టుకూ పుట్టుకతో వచ్చిన పేరు కాదు. పాళీలో రావిని అస్సత్థ అంటారు. బోధి అంటే మేలుకోవడం, తెలుసుకోవడం. బుద్ధుడు, బుద్ధి, బోధన, ప్రబోధం అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. బాబాసాహెబ్ నినాదాన్ని తెలుగులో చెప్పేటప్పుడు మనం మొదట పలికే "బోధించు" కూడా అక్కడిదే. ఉరువేలలో నేరంజరా నది ఒడ్డున గౌతముడు ఒక అస్సత్థ చెట్టు కింద కూర్చుని మేలుకున్నాడు కాబట్టి ఆ చెట్టుకు ఆ పేరొచ్చింది.

దీఘనికాయంలో మహాపదాన సుత్తం చూడండి. ఏడుగురు బుద్ధులకు ఏడు చెట్లు చెప్పారు. కస్సపునికి మర్రి, కోనాగమనునికి మేడి, కకుసంధునికి దిరిసెన. ఆ కథను చరిత్రగా నమ్మాలా లేదా అన్నది వేరే చర్చ. మహిమ రావిలోనే ఉందనుకుంటే మాత్రం ఆ సుత్తంలో మేడికి చోటుండేది కాదు.

అయితే చెట్టుకు గౌరవమే వద్దా? నేనలా అనను. అమరావతి స్తూపం తొలినాటి శిల్పాల్లో బుద్ధుని బొమ్మ ఉండదు. చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, ఎదురుగా చేతులు జోడించిన జనం. వాళ్లు ఆ ఆసనం మీద కూర్చున్నవాణ్ణి తలచుకుంటున్నారు. ఉద్యోగం రావాలని, పెళ్లి కుదరాలని చెట్టును అడగడం వేరే పని. మొక్క వేరు, మొక్కు వేరు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో 22 ప్రతిజ్ఞలతో దేవుళ్లకు మొక్కడం వదిలేశాం. దాన్నే చెట్టు పేరుతో మళ్లీ లోపలికి తెచ్చుకుంటామా?

దారాలు కట్టేది ఎక్కువగా మన అమ్మలు, అక్కలు. వాళ్లను ఎగతాళి చేయొద్దు. బిడ్డకు జబ్బు చేస్తే ఆ భయాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా, మనం ఆ చోటు చూపించలేదు. ఊరి రచ్చబండ దగ్గరి రావిచెట్టు అరుగు మీద మన తాతలను కూర్చోనివ్వలేదు, దూరంగా నిలబెట్టారు. అందుకే మన చెట్టు చుట్టూ ముందు ఒక అరుగు కట్టండి. దారం పట్టుకొచ్చిన అక్కను అక్కడ కూర్చోబెట్టి ఏమైందో అడగండి. జబ్బయితే ఆసుపత్రికి తోడు వెళ్లండి. ఆదివారం వందన అయ్యాక పిల్లలకు ఆ నీడలోనే చదువు చెప్పండి.