నీలిచోటు సాక్ష్యం

"రిపోర్టులన్నీ నార్మల్. ఏమీ లేదు" అన్నాడు డాక్టరు. బయటికొచ్చాక అమ్మ చేతిలోని ఎమ్మారై కవరు కేసి చూసుకుంటూ "నాకేమీ లేదటే" అంది. ఊరటగా అనలేదు. తప్పు చేసి దొరికిపోయినట్టు అంది. ఎన్నేళ్లుగానో అమ్మకి సరిగా నిద్ర లేదు. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడి లేస్తుంది, గుండె దడదడలాడుతుంది. వేలు పోసి తీయించిన చిత్రంలో ఇదేదీ లేదు. లేదు కాబట్టి అమ్మ చెప్పింది అబద్ధమా?

సాహిత్యం చదువుకున్నదాన్ని, మెదడు సంగతులు నాకేం తెలుసు? అయినా ఆ ప్రశ్న వదలక చదవడం మొదలుపెట్టాను. అలా లోకస్ సెరూలియస్ దగ్గరికి చేరాను. లాటిన్‌లో 'నీలిచోటు' అని అర్థం. మెదడు కాండంలో రెండు పక్కలా ఉండే సన్నని పోగు. పొడవు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు, మందం రెండు మిల్లీమీటర్లు. మెదడులో ఉన్న వేల కోట్ల నాడీకణాల్లో ఇక్కడున్నవి కొన్ని పదుల వేలు మాత్రమే. ఆ కాసిని కణాలే దాదాపు మెదడంతటికీ నార్‌అడ్రినలిన్‌ని పంపుతాయి. మెలకువ, ఉలికిపాటు, భయపడ్డ క్షణం జ్ఞాపకంలో గట్టిగా నాటుకోవడం, వీటన్నిట్లో దాని చెయ్యి ఉంది. ఆ పేరు చదవగానే నాకు అమ్మ రాత్రులు గుర్తొచ్చాయి.

బతికున్న మనిషిలో ఈ చోటుని చూడటం చాలాకాలం సాధ్యం కాలేదు. నార్‌అడ్రినలిన్ తయారయ్యే క్రమంలో ఆ కణాల్లో న్యూరోమెలనిన్ అనే ముదురు రంగు పదార్థం పేరుకుంటుంది. కోసి చూసినవాళ్లకి అది నీలంగా కనిపించడం ఇందువల్లే. 2006లో జపాన్ పరిశోధకులు 3 టెస్లా ఎమ్మారైని ఈ పదార్థాన్ని పట్టుకునేలా అమర్చి, నీలిచోటుని రెండు తెల్లని చుక్కలుగా చూపించారు. అమ్మకి తీసింది మామూలు ఎమ్మారై, గడ్డలూ రక్తస్రావాలూ వెతికేది. "ఏమీ లేదు" అన్నమాటకి సరైన అర్థం "నేను వెతికినవి లేవు" అని. ఆ తేడా చెప్పడానికి డాక్టరుకి అర నిమిషం పట్టేది.

ఫంక్షనల్ ఎమ్మారై ఇంకో దారి. అది కొలిచేది నార్‌అడ్రినలిన్‌ని కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పుల్ని. మామూలుగా అందులో ఒక్కో గడి రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది, అంటే నీలిచోటు మొత్తం మందమంత. పైగా గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి పీల్చినప్పుడల్లా మెదడు కాండం కదిలిపోతుంది. (దడ సంగతి తేల్చబోతే గుండె చప్పుడే అడ్డం!) అందుకే కొందరు కంటిపాప విప్పారడాన్ని కూడా కొలిచి సరిచూసుకుంటారు.

రేపు ఈ ఇబ్బందులన్నీ తీరిపోయాయనుకుందాం. అమ్మ నీలిచోటు ఎంత చురుగ్గా ఉందో స్పష్టంగా కనిపించిందనుకుందాం. ఆ మెలకువ జబ్బో, ఆ ఇంట్లో బతకడానికి ఆమె నేర్చుకున్న తెలివో ఏ చిత్రం చెబుతుంది?

స్త్రీల బాధకి చిత్రాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం కొత్తేమీ కాదు. పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో, షార్కో హయాంలో, 'హిస్టీరియా' రోగుల ఫోటోలు తీసి 1876 నుంచి సంపుటాలుగా అచ్చువేశారు. ఆ ఫోటోల్లో మళ్లీ మళ్లీ కనిపించే అగస్టీన్ 1875లో అక్కడ చేరేనాటికి పద్నాలుగేళ్ల పిల్ల. అంతకుముందే ఆమె మీద అత్యాచారం జరిగింది. ఆ సంగతి డాక్టర్లు రాసుకున్నారు కూడా. రాసుకుని, ఆమె ఒళ్లు వంకర్లు తిరగడాన్ని ఫోటోలు తీశారు. 1880లో ఆమె మగవేషం వేసుకుని అక్కణ్ణించి పారిపోయింది. కారణం కాగితం మీదే ఉన్నా చూపు చిత్రం మీద నిలిచిపోవడం, నన్ను భయపెట్టేది అదే.

అలాగని స్కానర్‌ని తిట్టి ఊరుకోలేను. నరాల శాస్త్రంలో ఒక్క మగ జంతువుల మీదే చేసిన అధ్యయనాలు, ఒక్క ఆడ జంతువుల మీద చేసినవాటికి అయిదున్నర రెట్లు ఉన్నాయని 2011లో అచ్చయిన ఒక సమీక్ష లెక్కగట్టింది. మనల్ని చూడనేలేదన్న కోపం నాకూ ఉంది. ఒత్తిడిలో విడుదలయ్యే సీఆరెఫ్ అనే రసాయనానికి ఆడ ఎలుకల నీలిచోటు కణాలు మగ ఎలుకల కణాలకంటే ఎక్కువగా స్పందిస్తాయని 2010లో ఒక పరిశోధన వచ్చింది. చదివి సంతోషమూ వేసింది, గుబులూ పుట్టింది. ఎలుకలో చూసినదాన్ని పట్టుకుని "ఆడదాని పుట్టుకే అంత" అనడానికి ఎంతసేపు?

ఇదంతా ఒకరోజు అమ్మకి చెబుతుంటే, "అయితే ఆ ఫోటోలో నా భయం పడుతుందా?" అని అడిగింది. పడదన్నాను. ఇప్పటిదాకా చేసినవి ఎక్కువగా గుంపుల సగటులు, ఒక్క మనిషి భయాన్ని అవి చెప్పలేవన్నాను. అన్నాక తట్టింది, నేనూ ఆమెనేమీ అడగలేదని. స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేసినదాన్ని.

"ఏ చప్పుడుకి ఎక్కువ ఉలిక్కిపడతావమ్మా?"

"గేటు గడియ" అంది వెంటనే.

నాన్న పోయి పన్నెండేళ్లు. తాగి ఏ అర్ధరాత్రో వచ్చేవాడు. గడియ తీసే తీరునిబట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతుందో అమ్మకి తెలిసిపోయేదట.

"నాకు తెలీదే ఇదంతా" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. "తెలీకపోవడమేమిటే? నువ్వూ మెలకువగానే ఉండేదానివిగా, దుప్పట్లో."