కొండ దిగి వచ్చిన స్వామి, పేరు లేని బటన్

శివరాత్రికి మన ఛానెల్‌లో కోటప్పకొండ వీడియో పెట్టాం కదా, దాని స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. చూపు లేనివాళ్ళకి, నడవలేనివాళ్ళకి, వినపడనివాళ్ళకి మనం చేసే ఏర్పాట్లు దానమా, ధర్మమా? రెండూ మంచివే కదా, తేడా ఏముంది అనుకునేవాణ్ణి. ఉందని మా బాబాయ్ వల్ల తెలిసింది.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. డాబా ఎక్కితే దూరంగా కోటప్పకొండ కనపడుతుంది, చుట్టూ పత్తి చేలు, మిర్చి చేలు. బాబాయ్ మిర్చి రైతు. నీటికాసులతో ఆయన చూపు మెల్లమెల్లగా పోయింది. ఇప్పటికీ కల్లంలో గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడు విని, ఎండాయో లేదో చెప్పేస్తాడు. ఫోన్ కూడా వాడతాడు. టాక్‌బ్యాక్ అని ఆండ్రాయిడ్ ఫోన్లలోనే ఉంటుంది, స్క్రీన్ మీద ఉన్నది తెలుగులో చదివి వినిపిస్తుంది. మన ఛానెల్ వీడియోలు ఆయన వినేది దాంతోనే.

మొన్న సెలవుకి ఇంటికి వెళ్తే, "ఒరేయ్ అబ్బాయ్, టిక్కీలు యార్డులో అమ్మాం. డబ్బులు పడ్డాయో లేదో మీ యాప్‌లో చూసుకోవడం నేర్పరా" అన్నాడు. మా కంపెనీ చేసేది డబ్బుల యాప్. గర్వంగా తెరిచి ఆయన చేతిలో పెట్టాను. ఫోన్ చదవడం మొదలుపెట్టింది. "బటన్." పక్కకి జరిపాడు. "బటన్." ఇంకా జరిపాడు. "బటన్." ఏ బటన్ దేనికో చెప్పదు. ఎందుకంటే వాటికి బొమ్మలు పెట్టాం కానీ పేర్లు పెట్టలేదు. చూసేవాడికి బొమ్మ చాలు, వినేవాడికి పేరు కావాలి.

ఎలాగోలా ముందుకెళ్తే, ముఖం గుండ్రం మధ్యలో పెట్టి కళ్ళు ఆర్పమని వచ్చింది. "ఆ గుండ్రం ఎక్కడుందిరా?" అన్నాడు. ఆ స్క్రీన్ కోడ్ రాసింది నేనే. ఆఫీసులో దానికి మెచ్చుకున్నారు కూడా.

చివరికి ఫోన్ నేనే పట్టుకుని, ఆయన తల అటూ ఇటూ తిప్పి పని కానిచ్చాను. బ్యాలెన్స్ గట్టిగా చదివాను. అరుగు మీద నలుగురున్నారు. బాబాయ్ నవ్వుతూనే అన్నాడు, "నా డబ్బెంతో నాకంటే ముందు నీకు తెలిసింది, నాతోపాటు వీధికీ తెలిసిపోయింది." ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది. నేను సాయం చేశాననుకున్నాను, కానీ ఆయన పని ఆయన చేసుకోకుండా అడ్డుపడిన గోడ కట్టింది కూడా నేనే. గోడ కట్టినవాడు చెయ్యి అందించి దాటిస్తే, దాన్ని దానం అనగలమా?

ఇక్కడే గొల్లభామ కథ గుర్తుకొచ్చింది. మన వీడియోలో విన్నారుగా. కోటయ్య స్వామి మొదట రుద్రశిఖరం మీద ఉండేవాడట. గొల్లభామ రోజూ ఆ కొండెక్కి పూజ చేసేది. కడుపుతో ఉండి ఎక్కలేని రోజు వచ్చింది. స్వామీ, ఇక నావల్ల కాదు, నువ్వే దిగి రా అని వేడుకుంది. స్వామి సరే అన్నాడు, కానీ వెనక్కి తిరిగి చూడకూడదన్నాడు. ఆమె దారిలో తిరిగి చూసింది, చూసినచోటే, బ్రహ్మశిఖరం మీద, స్వామి నిలిచిపోయాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మనం ఆ వెనక్కి చూడటం దగ్గరే ఆగిపోతాం. ఈసారి నేను దానికి ముందు ఆగాను. ఎక్కలేకపోతున్నానంటే స్వామి ఏమన్నాడు? భక్తి తగ్గిందనలేదు. ఎవరి భుజమైనా పట్టుకుని రమ్మనలేదు. నీ ఒక్కదాని కోసం కుదరదనలేదు. తన చోటు తను మార్చుకున్నాడు. ఇంకో సంగతి కూడా చూడండి. పైన రుద్రశిఖరం మీద పాత కోటప్ప గుడి ఇప్పటికీ ఉంది. కానీ తిరునాళ్ళకి ప్రభలు కట్టుకుని వచ్చే జనం ప్రధానంగా దర్శించుకునేది ఆ దిగివచ్చిన చోటునే. ఒక్క మనిషి ఇబ్బంది కోసం జరిగిన మార్పు లక్షలమందికి దారి అయింది.

మా పనిలోనూ అంతే. బటన్‌కి పేరు పెడితే టాక్‌బ్యాక్ వాడేవాళ్ళకే లాభం అనుకుంటాం. అక్షరాలు స్పష్టంగా, పెద్దగా ఉంటే ఎండలో చేలో నిలబడి ఫోన్ చూసే రైతుకీ సుఖమే. వీడియోకి సబ్‌టైటిల్స్ వినపడనివాళ్ళ కోసం వేస్తాం, మెట్రోలో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయిన మనమూ చదువుకుంటాం. ర్యాంపు మీద చక్రాల కుర్చీ వెళ్తుంది, మోకాళ్ళ నొప్పుల మామ్మా వెళ్తుంది.

ఇక మన ఇళ్ళల్లో వినపడే మాట ఒకటుంది. "పూర్వజన్మ కర్మ, ఏం చేస్తాం." ఓదార్పుగానే అంటారు, కానీ ఆ మాటతో మన బాధ్యత తీరిపోయినట్టు లేచి వెళ్ళిపోతాం. బాబాయ్ చూపు పోవడం ఏ జన్మ కర్మో నాకు తెలియదు. ఆ బటన్‌కి పేరు పెట్టకపోవడం మాత్రం నా కర్మే, ఈ జన్మలోదే. దాన్ని నేనే సరిచేయాలి. కర్మ సిద్ధాంతాన్ని ఎదుటివాడి వైపు తిప్పడం తేలిక. ముందు మన వైపు తిప్పుకోవాలని నాకనిపిస్తుంది.

మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడు జనకుడి యజ్ఞానికి వెళ్తుంటే దారిలో రాజు ఎదురవుతాడు. అప్పుడు ఆ పిల్లవాడు ఎవరికి దారి వదలాలో చెప్తాడు. ఆ వరసలో చూపు లేనివారు, వినపడనివారు, బరువు మోసేవారు రాజుకన్నా ముందుంటారు. జనకుడు నొచ్చుకోలేదు, దారి ఇచ్చాడు. అక్కడ దారి ఇవ్వడం రాజుగారి దయ కాదు. దారి మీద ముందు హక్కు వాళ్ళది.

ఇప్పుడు మన చట్టమూ ఆ మాటే అంటోంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ చట్టం పేరులోనే హక్కులు అని ఉంది చూడండి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివితే నాకు మా అరుగే కనపడింది. ఆన్‌లైన్ కేవైసీలో కళ్ళు ఆర్పమంటే చూపు లేనివాళ్ళు, యాసిడ్ దాడిలో ముఖం, కళ్ళు దెబ్బతిన్నవాళ్ళు ఏం చేయాలని కేసు వేశారు. డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది.

ఆఫీసుకి వెళ్ళి ఈ విషయం ఎత్తితే మొదటి ప్రశ్న వచ్చింది, "ఇలాంటి యూజర్లు ఎంతమంది?" న్యాయమైన ప్రశ్నే, టైముకీ డబ్బుకీ లెక్క ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2.68 కోట్లు అని చెప్పాను. కానీ నా మనసులో ఉన్న జవాబు వేరు. గొల్లభామ ఒక్కతే.

బటన్లకి పేర్లు పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. గుండ్రం దగ్గర "కొంచెం ఎడమకి, కొంచెం పైకి" అని చెప్పే గొంతు పెట్టడానికి ఇంకాస్త ఎక్కువ. కళ్ళు ఆర్పే బదులు వేరే పద్ధతి ఉండాలన్నది ఇంకా తేలలేదు, అడుగుతూనే ఉన్నాను. మన ఛానెల్‌లో కూడా తప్పుంది. శ్లోకం స్క్రీన్ మీద వేసి, వెనక వేణువు పెట్టి వదిలేసేవాళ్ళం. బాబాయ్‌కి వేణువు ఒక్కటే వినపడేది. ఇక నుంచి శ్లోకం చదివే వినిపిస్తాం, సబ్‌టైటిల్స్ కూడా వేస్తాం.

మీకో చిన్న పని. ఈ సోమవారం ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. కళ్ళు మూసుకుని, వేలితో పక్కకి జరుపుతూ, రెండుసార్లు తట్టి తెరుస్తూ, రోజూ వాడే ఒక యాప్‌లో ఐదు నిమిషాలు తిరగండి. ఎక్కడ ఆగిపోయారో ఆ కంపెనీకి రాయండి. మీరే ఆ యాప్ చేసేవాళ్ళైతే, రాయక్కర్లేదు, సరిచేసేయండి.

పోయిన వారం బాబాయ్ ఫోన్ చేశాడు. "డబ్బులు పడ్డాయిరా" అన్నాడు. ఎంత అని అడిగాను. "నీకెందుకురా" అన్నాడు.

ఓం నమః శివాయ.