చక్రము క్రుంగినప్పటి ధర్మము

గడచిన వేసవిలో నొకనాటి యుదయమున, నాగారములోని మా యింటికి పూర్వవిద్యార్థి యొకడు వచ్చెను. ఇంజనీరింగు చదువుచున్నవాడు, బుద్ధిమంతుడు, బడిలో నున్నప్పుడు మావద్ద సంస్కృత శబ్దములు వల్లించినవాడు. రాత్రి నిదుర లేమిచే వాని కన్నులు ఎఱ్ఱబారియుండెను. కూర్చుండుమని మేము చెప్పకమున్నే, "సార్, కష్టపడి సంపాదించుకున్నదాన్ని ఒక్క రాత్రిలో తగ్గించేస్తే అది న్యాయమేనా?" అని యడిగెను. మా ప్రాంతమున ఇండ్లస్థలముల తగవులు మెండు. వాని తండ్రి కొన్న స్థలములో గజములు తగ్గినవి కాబోలునని తలచితిమి. తగ్గినవి గజములు గావు. వాడు కంప్యూటరుపై నాడు యుద్ధశకటముల క్రీడలో, వాని శకటపు ఫిరంగి మునుపటికంటె రెండు సెకండ్లు ఆలస్యముగా గుండు నింపుకొనునట్లు క్రీడానిర్మాతలు మార్చిరట. తిరుగుడు బురుజు ముందటి కవచమును గూడ పలుచన చేసిరట.

మేము నవ్వితిమి. నవ్వి, వెంటనే సిగ్గుపడితిమి. ఏలయన, వాని ప్రశ్నలోనుండి ఫిరంగిని, బురుజును దీసివైచినచో మిగులునది చిన్నప్రశ్న గాదు. ఒక నియమమును నమ్మి యొకడు కాలమును, శ్రమమును, కొంత ధనమును వెచ్చించిన పిమ్మట, ఆ నియమమును మార్చువానికి గల యధికార మెంత? నష్టమెప్పుడు అన్యాయ మగును? పింఛను నియమములు మారినప్పుడు ఉద్యోగియు, పరీక్షావిధానము మారినప్పుడు విద్యార్థియు నడుగునది యిదియే. ఆటలో పుట్టినంతమాత్రమున నది యాటప్రశ్న కాజాలదు.

ఈ క్రీడల నెరుగని పాఠకులకొరకు నాలుగు మాటలు చెప్పవలసియున్నది. రెండు పక్షములు, పక్షమునకు పదునైదుగురో, అంతకు తక్కువయో ఆటగాండ్రు, వారు దేశదేశముల వారు, ఒకరి మొగ మొక రెరుగరు. ఒక్కొక్కడు ఒక్కొక్క శకటమును నడుపును. కవచపు మందమెంత, గుండు ఎంత మందమును జీల్చును, ఎన్ని సెకండ్ల కొకసారి ప్రేలును, ఎంత వేగముగా తిరుగును అను కొలతలు ప్రతి శకటమునకును గలవు. క్రింది మెట్టునుండి పై మెట్టునకు నెలలతరబడి యాడి యెక్కవలెను. సొమ్ము చెల్లించి కొనదగిన శకటములును గలవు. నిర్మాతలయొద్ద లెక్కలేనన్ని యుద్ధముల వివరము లుండును. సమానమైన నేర్పుగలవారి చేతులలో నొక శకటము తక్కినవానికంటె హెచ్చుగా గెలుచుచున్నదని తోచినప్పుడు దాని కొలతలు తగ్గింతురు. వెనుకబడిన దానికి పెంతురు. తగ్గింపును ఆటగాండ్రు 'నర్ఫ్' అందురు. నర్ఫ్ అనునది మెత్తని నురుగు గుండ్లను ప్రేల్చు బొమ్మతుపాకుల పేరు. తన ఫిరంగి పిల్లల యాటవస్తువైనదను వెక్కిరింత యా మాటలో నున్నది.

ఇట్లు తగ్గింపనేల యని మేము మొదట వానితో జేరి యడిగితిమి. చరిత్ర చూచిన పిమ్మట నా ప్రశ్న నిలువలేదు. రెండవ ప్రపంచయుద్ధములో 1942న రంగమున కెక్కిన జర్మనుల టైగరు శకటము ఏబదియేడు టన్నుల బరువు గలది. ముందు కవచము 100 మిల్లీమీటర్లు. ఫిరంగి 88 మిల్లీమీటర్లది. యుద్ధము ముగియువరకు వారు చేయగలిగినవి దాదాపు 1,350 మాత్రమే. రష్యనుల టి-34 శకటములో, ఆ యుద్ధకాలముననే ఏబదివేలకు పైగా తయారైనవి. రణరంగమున టైగరునకు ప్రత్యుత్తరము సంఖ్య. అక్కడ నెవ్వడును తూకము వేయలేదు. తూకము చెడగొట్టుటయే సేనానుల పని. పదునైదుగురికి పదునైదుగురుగా నాడు క్రీడలో సంఖ్య యను ప్రత్యుత్తరమునకు తావు లేదు గదా. కావున టైగరునకు చరిత్రలో నున్న బలము నట్లే యుంచుమని యడుగువాడును, ఇరువైపుల సమబలము గావలెనని యడుగువాడును నొక్కడే యైనచో, వాడు రెండు పడవలపై కాలిడినవాడు.

మనవారికి శకటముల తూకము క్రొత్త సంగతి గాదు. భీష్మపర్వారంభమున, యుద్ధమునకు ముందు కౌరవపాండవు లిరువురును గలిసి కొన్ని కట్టుబాట్లు చేసికొనిరి: రథికుడు రథికునితోను, గజారోహకుడు గజారోహకునితోను, ఆశ్వికుడు ఆశ్వికునితోను, పదాతి పదాతితోను పోరవలెను. నేటి క్రీడానిర్మాతలు ఇంచుమించు సమానమైన మెట్టులలోని శకటములను యెదురెదురుగా నిలుపుట యిట్టిదే. అభిమన్యుని అనేకులు చుట్టుముట్టిననాడు ఆ కట్టుబాటు తెగినది. తరువాత పదునేడవనాడు కర్ణుని రథచక్రము నేల క్రుంగినది. చక్రము నెత్తుకొనువరకు బాణము వేయకుము, అది ధర్మము గాదని కర్ణు డర్జునునితో ననెను. అప్పుడు కృష్ణుడు, సభలో ద్రౌపదిని తెచ్చిననాడు, అభిమన్యుని చంపిననాడు నీ ధర్మ మెచ్చట నుండెనని యొక్కొక్కటిగా నడిగెను.

ఈ కథ గుర్తునకు రాగా మేము మా శిష్యుని, "ఈ యెనిమిది నెలలు నీ ఫిరంగి ఇతరుల ఫిరంగికంటె వేగముగా ప్రేలుచున్నదని నీకు తెలియునా?" అని యడిగితిమి. వాడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "తెలుసు సార్. అందుకే గదా దాన్ని ఎంచుకున్నాను" అనెను. ఈ యుత్తరము మాకు మిక్కిలి నచ్చినది. బొంకుటకు చక్కని యవకాశ ముండియు వాడు బొంకలేదు. కాని యా యుత్తరముతోనే వాని వ్యాజ్యము సగము వీగిపోయినది. చక్రము సవ్యముగా తిరిగినంతకాలము తూకమును గూర్చి యోచింపనివాడు, క్రుంగిన రాత్రి న్యాయము నడుగుచున్నాడు. ఎదుటి పక్షమున నెవరో మొగమెరుగని యొక కుఱ్ఱవాడు ఈ యెనిమిది నెలలును ఈ ప్రశ్ననే యడుగుచుండవచ్చును. వాని యేడ్పు నాగారమువరకు వినరాలేదు.

ఇది మానవస్వభావము. మాకు దాపున నున్న ఉప్పల్ మైదానములోనే దీనిని చూచితిమి. 2023లో ఐ.పి.ఎల్. వారు ఆట నడుమ నొక యాటగాని స్థానమున మరియొకని దింపవచ్చునను 'ఇంపాక్టు ప్లేయరు' నియమము తెచ్చిరి. దానివలన ప్రతి జట్టునకు నొక హెచ్చు బ్యాటరు దొరికెను. 2024 మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్సు వారు 3 వికెట్లకు 277 పరుగులు చేయగా, ముంబయివారు 246 చేసిరి. ఒక్క రాత్రి 523 పరుగులు, 38 సిక్సర్లు. మా వీథిలో నానాడు టపాకాయలు గాల్చిరి. బంతి వేయువాని కన్యాయము జరిగినదని విచారించిన యభిమానిని మేము చూడలేదు. మేమును విచారింపలేదు, ఒప్పుకొనుట మంచిది.

అయినను కర్ణుని కథతో ఈ విచారణను ముగించుట నిర్మాతలకు మేలు చేయుటయే యగును. కర్ణుని రథము నెవ్వరును వానికి వెల గట్టి యమ్మలేదు. మా శిష్యుడు ఆ శకటమునందు నెలల శ్రమనే గాక, తండ్రి యిచ్చిన చేతిఖర్చులో నుండి పండ్రెండువందల రూపాయలను గూడ పెట్టెను. ఇక్కడ మనము ఆటస్థలము విడిచి అంగడి కెక్కుచున్నాము. అంగడి ధర్మము వేరు. మనుస్మృతిలో వివాదపదములు పదునెనిమిది చెప్పబడినవి. వానిలో క్రయవిక్రయానుశయ మొకటి. కొన్నవాడైనను, అమ్మినవాడైనను పశ్చాత్తాపపడినచో పదిదినములలో వస్తువు నిచ్చివేయుటకో, తిరిగి తీసికొనుటకో హక్కు గలదని యందున్నది. ఆ గ్రంథములో మేము సమ్మతింపనివి చాల గలవు. ఇది మాత్రము సమ్మతమే. పాలిచ్చునని చూపి గేదె నమ్మినవాడు, మరుమాసమున కొన్నవాని దొడ్డిలో జొరబడి దాని పొదుగునకు తాడు గట్టునా?

గేదె నీది గాదు, పాలు పితుకుకొనుటకు అనుమతి మాత్రమే నీకిచ్చితిమని నిర్మాతల వాదము. ఆట మొదలుపెట్టునప్పుడు ఎవ్వరును చదువని పొడవైన పత్రమొకటి కన్పించును. చదివితినని యొప్పుకొన్నగాని ఆట తెరువబడదు. దానిలో నీ మాట యుండును. చట్టప్రకార మది సరియే కావచ్చును. కాని అంగడిలో 'కొనుము' అని వ్రాసి పత్రములో 'కొనలేదు' అని వ్రాయుట ఏ నిఘంటువున కొప్పును? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2025 జనవరి 1 నుండి, ఇట్టి వస్తువుల నమ్మువారు తామిచ్చునది అనుమతి మాత్రమేయని కొనువానికి స్పష్టముగా తెలుపవలెనని శాసించిరి. నిజము చెప్పుమని యొక శాసనము గావలసి వచ్చినది!

ఆటగాండ్ర కోపమునకు ఫలము లేకపోలేదు. 2023 మే నెలలో వార్ థండర్ అను శకటవిమానక్రీడలో, రాబడిని, మరమ్మతుల ఖర్చును గూర్చిన మార్పులను ప్రకటింపగా ఆటగాండ్రు వేలకొలదిగా ప్రతికూలాభిప్రాయములు వ్రాసిరి. నిర్మాతలైన గైజిన్ సంస్థవారు ఆ మార్పులను వెనుకకు దీసికొని, ఆటగాండ్రు కోరిన మార్పులకు ప్రణాళిక ప్రకటించిరి. ఇది సవ్యమైన పోరాటము. అదే క్రీడలో అపసవ్యమైనదియు జరిగినది. బ్రిటిషు చాలెంజరు-2 శకటమును క్రీడలో తప్పుగా మలచిరని నిరూపించుటకై, 2021లో నొక యాటగాడు ఆ శకటమును గూర్చిన రహస్య సైనికపత్రపు భాగమును పదుగురు చూచుచోట బెట్టెను. బొమ్మశకటమునకు న్యాయము గోరి నిజశకటమునందు గూర్చున్న సైనికుల ప్రాణములకు ముప్పు తెచ్చుట! ఈ సంగతి చెప్పగా మా శిష్యుడు సహజముగా నవ్వెను, పిమ్మట నవ్వుట మానెను. మా చుట్టుపట్ల ఇ.సి.ఐ.ఎల్.లోను, అణు ఇంధన సంస్థలోను పనిచేసినవారి కుటుంబములు మెండు. ఉద్యోగస్థలమున చేసిన పనిని భార్యాబిడ్డలకైనను జెప్పక ముప్పదియేండ్లు గడపిన పెద్దలను వాడు బాల్యమునుండి యెరుగును.

మరి నియమమును మార్చునప్పుడు పాటింపవలసిన మర్యాద యేమి? మాకు తోచినంతవరకు ముందుగా తెలుపుట అన్నిటికంటె పెద్దది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము పదవతరగతి పరీక్షలలో ఆంతరిక మూల్యాంకనపు ఇరువది మార్కులను దీసివేసి నూరు మార్కులకు వ్రాతపరీక్ష యని యుత్తరువు చేసినది. బడి సంవత్సరము సగము గడచినది. అభ్యంతరములు రాగా వెంటనే, ఆ మార్పు మరుసటి సంవత్సరమునుండి యని సవరించిరి. మార్పు మంచిదా చెడ్డదా యనునది వేరుమాట. ఒక పద్ధతిని నమ్మి సగము దూరము నడచినవానిని ఆ పద్ధతిలోనే గమ్యము జేరనిచ్చుట మర్యాద. క్రీడానిర్మాతలకు నిది యసాధ్యము గాదు: ఏ లెక్కలనుబట్టి తగ్గించుచున్నారో చూపవచ్చును, నెలముందు చెప్పవచ్చును, సొమ్మిచ్చి కొన్నవానికి సొమ్ము తిరిగి యీయవచ్చును. బలమైన దానిని అమ్మి, అందరు కొన్న పిమ్మట తగ్గించి, మరియొక బలమైన దానిని అంగడిలో నుంచుచున్నారని ఆటగాండ్రు అనుమానింతురు. ఆ యనుమానము నిజమో కాదో మేము తీర్పు చెప్పలేము. నిజమైనచోట దానికి తూకమను పేరు చెల్లదు. త్రాసు వర్తకుని చేతిలోనే యున్నప్పుడు, దానిని వెలుతురులో బట్టుకొనుట వానికే మేలు.

ఎనిమిది నెలల శ్రమమాట యేమని వాడు మరల నడిగెను. ఉపాధ్యాయులము గనుక, ఆ కాలమును చదువునకు వెచ్చించియుండవలసినదని యనుట కెంతయో నోరూరినది. కాని మేము పదునెనిమిదవ యేట పాణినిసూత్రములను వల్లించి, పిమ్మట ఆ సూత్రములు చాలవని కాత్యాయనుడు వార్తికములు వ్రాసెననియు, ఆ వార్తికములను గూడ పతంజలి విమర్శించెననియు, మునులలో వెనుకటివాని మాటయే ప్రమాణమనియు దెలిసినప్పుడు, గురువుగారిమీద నెంత కోపపడితిమో జ్ఞాపకము వచ్చినది. చదరంగములోను శకటు ఒకప్పుడు కర్ణముగా రెండవ గడికి మాత్రమే దుముకగలిగినది. పదునైదవ శతాబ్ది చివర ఐరోపాలో దానికిని, మంత్రికిని నేటి బలము వచ్చినప్పుడు పాత యెత్తులు నేర్చినవారి విద్య యెంతయో వ్యర్థమైయుండును. వారి కెవ్వరు పరిహార మిచ్చిరి? ఎవ్వరును నీయలేదు; ఎవ్వరును వారికి శకటు నమ్మియుండలేదు గూడ.

వాడు నిర్మాతలకు లేఖ వ్రాసి తెచ్చెను. ఆంగ్లము దిద్దుమని మాకిచ్చెను. రెండు పుటల లేఖలో 'అన్యాయము' అను మాట ఐదుసార్లున్నది. ఫిరంగిని గూర్చిన రెంటిని, బురుజును గూర్చిన దానిని, ఎనిమిది నెలలను గూర్చిన దానిని మేము కొట్టివేసితిమి. పండ్రెండువందల రూపాయల దగ్గర నున్నదానిని ఉంచితిమి. వాడు ఎనిమిది నెలల దగ్గర కొట్టివేతను చాలసేపు చూచి, "ఇది కూడా ఉంచకూడదా సార్?" అని యడిగెను. మేము కలము మరల చేతికి దీసికొని, వ్రాయలేక, దానిని వానికే యిచ్చివేసితిమి.